పాత కారుకి మూడో బ్రేక్ లైటు



కారుకి హెడ్‌లైటు పోతే ఆ రాత్రే తెలిసిపోతుంది. హారన్ పోతే మొదటి సందు మలుపులోనే తెలుస్తుంది. వైపర్ పోతే తొలి వానకే బయటపడుతుంది. బ్రేక్ లైటు పోతే మాత్రం నెలల తరబడి తెలియదు. ఎందుకంటే దాన్ని చూసేది మనం కాదు, మన వెనక వచ్చేవాళ్లు. సిగ్నల్ దగ్గర ఎవరో పుణ్యాత్ముడు పక్కకొచ్చి అద్దం మీద తట్టి "సార్, మీ బ్రేక్ లైటు వెలగట్లేదు" అని చెప్పేదాకా మన బండి చీకట్లోనే ఆగుతూ ఉంటుంది.

వెనక రెండే బ్రేక్ లైట్లున్న పాత కార్లకి పైన మధ్యలో మూడోది పెట్టించుకోమని చెప్పడానికే ఇవాళ మీ ముందుకొచ్చాను. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు, మారుతి 800లు రెండు లైట్లతో మన రోడ్ల మీదికొచ్చిన బళ్లు. మారుతి 800 మొదటి కారు 1983 డిసెంబరులో బయటికొచ్చింది, తయారీ ఆగింది 2014 జనవరిలో. అదే ఏడాది అంబాసిడర్ తయారీ కూడా ఉత్తరపారాలో ఆగిపోయింది. తయారీ ఆగినంత మాత్రాన బళ్లు ఆగవు కదా. మన ఊళ్లలో రిటైరైన మాస్టార్ల ఇళ్ల ముందు, చిన్న డాక్టర్ల క్లినిక్‌ల ముందు, కూతురికి డ్రైవింగ్ నేర్పిస్తున్న తండ్రుల చేతుల్లో 800లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ముచ్చటైన బళ్లు. ఇంజను బాగుంటే ఎవరూ అమ్ముకోరు, అమ్ముకోనక్కర్లేదు కూడా. వాటిని కాపాడుకుంటున్నవాళ్లు ఈ ఒక్క చిన్న పనీ చేయించుకుంటే బాగుంటుంది.

నేను ఆగుతున్నాను అని వెనకవాడికి చెప్పడం మోటారు బండి పుట్టినప్పటి నుంచీ ఉన్న సమస్యే. తొలిరోజుల్లో చెయ్యే దీపం. కుడి చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, అరచెయ్యి నేలవైపు తిప్పి, కిందికీ పైకీ ఊపితే వేగం తగ్గిస్తున్నట్టు లెక్క. ఈ సైగ మన డ్రైవింగ్ స్కూళ్లలో ఇప్పటికీ నేర్పుతారు. పాత లారీల్లో క్లీనరు ఎడమవైపు తలుపు మీద దబదబా బాదుతూ చెయ్యి ఊపడం నా ఈడువాళ్లందరికీ గుర్తే. అమెరికాలో మూకీ సినిమాల నటి ఫ్లోరెన్స్ లారెన్స్ 1910లలోనే తన కారుకి ఒక ఏర్పాటు చేసుకున్నారు. బ్రేకు తొక్కితే వెనక 'ఆగు' అన్న పలక పైకి లేచేది. ఆవిడ దానికి పేటెంటు తీసుకోలేదు. తర్వాత దీపాలొచ్చాయి. మొదట్లో చాలా బళ్లకి ఒకటే, ఆపైన రెండు. ఆ రెండుతోనే ప్రపంచం దశాబ్దాలు గడిపింది.

రెండు దీపాలుంటే చాలదా అంటే, పాత కారు వెనక్కి వెళ్లి ఒక్కసారి దగ్గరగా చూడండి. చాలా కార్లలో పార్కింగ్ లైటుకీ బ్రేక్ లైటుకీ కలిపి ఒకే బల్బు ఉంటుంది. అందులో రెండు ఫిలమెంట్లు, ఒకటి 5 వాట్లు, ఇంకోటి 21 వాట్లు. రాత్రిపూట 5 వాట్లది ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. బ్రేకు తొక్కితే రెండోది కూడా వెలుగుతుంది. వెనక వచ్చేవాడికి అప్పటికే రెండు ఎర్రదీపాలు కనిపిస్తున్నాయి. ఇప్పుడు అవి ఇందాకటికన్నా ఎక్కువ వెలుగుతున్నాయా లేదా అన్నది అతను తేల్చుకోవాలి. కొత్త కారయితే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇరవై ఏళ్లు ఎండలో నిలబడ్డ కారుకి ఎర్ర ప్లాస్టిక్ వెలిసిపోయి ఉంటుంది, లోపలి వెండి పూత నల్లబడి ఉంటుంది, ఆపైన వారం రోజుల దుమ్ము. 5 వాట్లకీ 21 వాట్లకీ ఉండాల్సిన అంత తేడా కాస్తా కంటికి ఆనీ ఆనకుండా పోతుంది.

మూడో లైటుకి ఈ గొడవ లేదు. అది బ్రేకు తొక్కినప్పుడు తప్ప ఎప్పుడూ వెలగదు. పార్కింగ్ లైటుతో దానికి సంబంధం లేదు, ఇండికేటరుతో అసలే లేదు. వెలిగిందంటే ఒకటే అర్థం. పైగా కింద రెండూ పైన ఒకటీ కలిసి చీకట్లో ముక్కోణం ఏర్పడుతుంది. ఆ ఆకారం ముందు లేదు, ఇప్పుడొచ్చింది. వెలుగు పెరిగిందా లేదా అని లెక్కకట్టడం కన్నా కొత్త ఆకారాన్ని పట్టుకోవడం కంటికి ఎంతో తేలిక.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. మన పట్టణాల్లో కారు వెనక ఉండేది చాలాసార్లు ఇంకో కారు కాదు, మోటార్ సైకిలు. దాని మీద ఉన్న మనిషి కళ్లు మన కారు వెనక అద్దానికి ఎదురుగా ఉంటాయి. దగ్గరగా వచ్చేసినప్పుడు డిక్కీ కింది లైట్లు చూడాలంటే అతను తల దించాలి. ట్రాఫిక్‌లో తల దించే తీరిక ఎవరికుంది? లారీ, బస్సు డ్రైవర్లు ఇంకా ఎత్తులో కూర్చుంటారు. బండ్లు ఒకదాన్నొకటి ఆనుకుని పాకుతున్నప్పుడు, చిన్న కారు కింది దీపాలు వాళ్ల అద్దం కింది అంచుకి మరుగైపోతాయి. ఇవన్నీ అలా ఉంచి, మన వెనక కారు వెనక ఇంకో కారు ఉందనుకోండి. అతనికి మన కింది దీపాలు కనిపించే ప్రశ్నే లేదు. పైన ఉన్నది మాత్రం మధ్య కారు అద్దాల్లోంచి కనిపిస్తుంది. అతను కూడా ముందే కాలు బ్రేకు మీదికి తెచ్చుకుంటాడు. హైవేల మీద నాలుగైదు కార్లు వరసగా గుద్దుకునే ప్రమాదాలు మన పేపర్లలో చూస్తూనే ఉన్నాం. అక్కడ ఈ ఒక్క చూపు ఎంత పనిచేస్తుందో ఊహించుకోండి.

ఈ లైటు వెనక ఒక చక్కటి పరిశోధన ఉంది. 1970ల మొదట్లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ వొయెవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 343 టాక్సీలకి వెనక మధ్యలో అదనపు దీపం పెట్టించాడు. మరో 160 టాక్సీలని మామూలుగా వదిలేశాడు. ఆయన పెట్టింది ఎరుపు కాదు, కాషాయం కలిసిన పసుపు. బ్రేకు ఎంత గట్టిగా పడితే అంత వేగంగా మినుకుమనేది. టాక్సీలు పగలూ రాత్రీ తిరిగాయి. లెక్కలు తీస్తే, దీపం ఉన్నవాటిని వెనకనుంచి గుద్దడం లేనివాటితో పోలిస్తే 60 శాతానికి పైగా తగ్గింది. 1974లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పని తలకెత్తుకోవడం నాకు చాలా నచ్చిన విషయం. బ్రేకులు ఎంత బాగున్నా, కాలు వాటి మీదికి వెళ్లేది మనసుకి కబురు అందిన తర్వాతే. ఆయన ఆ కబురు మీద పనిచేశాడు.

ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ రహదారి భద్రత సంస్థ తన వంతుగా రకరకాల అమరికలు పరీక్షించింది. పైన రెండు పెట్టి చూశారు, పార్కింగ్ లైటునీ బ్రేక్ లైటునీ విడదీసి చూశారు, పైన మధ్యలో ఒక్కటే ఎర్రది పెట్టి చూశారు. ఆ చివరిదే అన్నిటికన్నా మెరుగని తేలింది. వెనకనుంచి గుద్దే ప్రమాదాలు సగం దాకా తగ్గాయి. 1983లో నిబంధన వచ్చింది. 1985 సెప్టెంబరు 1 నుంచి అక్కడ తయారయ్యే ప్రతి కారుకీ మూడో లైటు తప్పనిసరి అయింది. అప్పటి రవాణా మంత్రి ఎలిజబెత్ డోల్. ఆవిడ ముద్దుపేరు మీద కొందరు దాన్ని 'లిడ్డీ లైటు' అనేవారు. వ్యానులకీ చిన్న ట్రక్కులకీ 1990లలో వచ్చింది. ఐరోపాలో 1998లో తప్పనిసరి చేశారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అన్ని కార్లకీ ఆ లైటు వచ్చాక లాభం మొదటి పరీక్షల్లో కనిపించినంత మిగల్లేదు. అదే ప్రభుత్వ సంస్థ 1998లో మళ్లీ లెక్కవేస్తే, 1987లో 8.5 శాతంగా ఉన్న తగ్గుదల తర్వాతి ఏళ్లలో 4.3 శాతం దగ్గర స్థిరపడింది. కారణం ఊహించుకోవచ్చు. పది మందిలో ఒకరి కారుకే ఉన్నప్పుడు అది కొత్త వస్తువు, కన్ను దానిమీదే పడుతుంది. అందరికీ ఉన్నప్పుడు అలవాటైపోతుంది. అయినా 4.3 శాతాన్ని చులకన చేయకండి. అన్ని బళ్లకీ ఉంటే ఆ ఒక్క దేశంలో ఏటా సుమారు 2 లక్షల ప్రమాదాలు, 58,000 నుంచి 70,000 దాకా గాయాలు తప్పుతాయని ఆ నివేదికే తేల్చింది. ఒక చిన్న దీపం, రెండు తీగలు. దీనికి పెట్టే ఖర్చుతో ఇంత మేలు చేసిన వస్తువులు మోటారు చరిత్రలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మన దగ్గర నాకు ఇంకో సంగతి కూడా తోస్తుంది. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే కార్లలో ఎక్కువ వాటికి పైన మూడో లైటు ఉంది. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న కుర్రాళ్ల కళ్లు ఆ చోటికి అలవాటుపడ్డాయి. ముందు కారు వెనక అద్దం మధ్యలో ఎరుపు కనిపిస్తే ఆగాలి, కనిపించకపోతే సాగాలి. వాళ్ల ముందు మన పాత 800 బ్రేకు వేస్తే, వాళ్లు చూసేచోట ఏమీ వెలగదు. అంటే అందరికీ ఉన్న రోజుల్లో లేనివాడికి ముప్పు పెరిగింది. నా దృష్టిలో పాత కారుకి ఇది పెట్టించుకోవడానికి అన్నిటికన్నా బలమైన కారణం ఇదే. మన దేశంలో జరిగే రోడ్డు ప్రమాదాల్లో దాదాపు ఐదో వంతు వెనకనుంచి గుద్దడం వల్లేనని కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. 2022లో మొత్తం ప్రమాదాలు 4,61,312. అందులో ఐదో వంతు ఎంతో మీరే లెక్కవేసుకోండి.

సరే, పెట్టించుకుందామని బయల్దేరారు. ఏం జరుగుతుందో విజయవాడ ఆటోనగర్‌లో నేను చూసినది చెబుతాను. ఒక రిటైర్డ్ మాస్టారు తన 800 తీసుకొచ్చి కొత్త లైటు పెట్టమన్నారు. ఎలక్ట్రీషియన్ ఆ లైటు పెట్టె తీసి పక్కన పెట్టేశాడు.

"మాస్టారూ, ముందు పార్కింగ్ లైటు వేసి బ్రేకు తొక్కండి."

"తొక్కాను."

"వదలండి. మళ్లీ తొక్కండి."

బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమవైపు దీపం ప్రకాశించాల్సింది పోయి మసకబారుతోంది. దాని పక్కన ఇండికేటరు సన్నగా వెలుగుతోంది. "ఎర్త్ లేదండీ. కరెంటు తిరిగెళ్లే దారి లేక పక్క బల్బుల్లోంచి పోతోంది. దీన్ని ఇలాగే వదిలేసి పైన కొత్తది పెడితే నాకు కూలి వస్తుంది గానీ మీకు లాభం లేదు" అన్నాడతను. దీపం గూడు విప్పి, ఎర్త్ తీగ బాడీకి బిగించిన చోటు చూపించాడు. స్క్రూ చుట్టూ తుప్పు, తీగ చివర పచ్చగా పూసిన చిలుము. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త క్లిప్పు వేసి బిగించాడు. గూడులో నల్లబడ్డ బల్బు తీసి కొత్తది పెట్టాడు. ఈసారి బ్రేకు తొక్కితే మాస్టారి మొహంలో కూడా వెలుగు కనిపించింది. మూడో లైటు పని ఆ తర్వాతే మొదలైంది. ఉన్న రెండూ సరిగ్గా పనిచెయ్యని కారుకి మూడోది తగిలించి పంపే షాపులు కూడా ఉన్నాయి కాబట్టి ఈ వరస గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు దొరికేవి ఎక్కువగా ఎల్ఈడీ లైట్లే. అది మన అదృష్టం. ఫిలమెంటు బల్బు కాలి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది, ఎల్ఈడీ కరెంటు తగలగానే వెలుగుతుంది. సెకనులో ఐదో వంతు అంటే కంటిరెప్పపాటే కదా అనుకుంటాం. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ కాస్త సేపట్లో 4 మీటర్లకి పైగా దూసుకొస్తుంది. మారుతి 800 పొడవే మూడుంపావు మీటర్ల చిల్లర. ఒక కారు పట్టేంత జాగా వెనకవాడికి ఊరికే దొరికినట్టు.

దీన్ని వెనక అద్దం లోపలివైపు, పై అంచున కానీ కింద పార్సిల్ ట్రే మీద కానీ సరిగ్గా మధ్యలో బిగిస్తారు. పైనయితే మంచిది. కింద పెడితే ట్రే మీద పెట్టే గొడుగులూ దిండ్లూ దాన్ని కప్పేస్తాయి. లైటు ముఖం అద్దానికి పూర్తిగా ఆనాలి, చుట్టూ నల్ల స్పాంజి ఉండాలి. లేకపోతే ఎరుపు అద్దం మీద పడి లోపలికే తిరిగొచ్చి, రాత్రి మీ మిర్రర్‌లో మీకే కొడుతుంది. వెనక అద్దానికి నల్ల ఫిల్మ్ ఉంటే దీపం సగం చచ్చిపోతుంది. ఫిల్మ్ అంటించొద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది కాబట్టి ఆ ఫిల్మ్ ఎలాగూ ఊడబీకాల్సిందే.

కరెంటు ఎక్కడ తీసుకోవాలన్నది అసలు పని. టెస్ట్ ల్యాంప్ పట్టుకుని, ఇంకొకరిని బ్రేకు తొక్కమని, తొక్కినప్పుడు మాత్రమే వెలిగే తీగని పట్టుకోవాలి. పొరపాటున పార్కింగ్ తీగకి తగిలిస్తే రాత్రంతా మూడో లైటు వెలుగుతూనే ఉంటుంది. దాన్ని మించిన అపాయం లేదు. వెనకవాడు మీరు ఎప్పుడూ బ్రేకు మీదే ఉన్నారనుకుని, నిజంగా తొక్కినప్పుడు పట్టించుకోడు. మన కార్లలో ఇండికేటర్లు వేరేగా ఉంటాయి కాబట్టి వెనక బ్రేకు తీగనుంచి తీసుకున్నా ఇబ్బంది లేదు. కొన్ని అమెరికా కార్లలో బ్రేకు బల్బే ఇండికేటరుగా కూడా మినుకుతుంది. అలాంటి బండి ఉన్న మనవాళ్లు ఎవరైనా వింటుంటే, పెడల్ దగ్గరి స్విచ్ నుంచే తీగ లాగించుకోవాలి. లేకపోతే మలుపు తిరిగినప్పుడల్లా మూడో లైటు కూడా కన్ను కొడుతుంది.

అతుకు విషయంలో మొహమాటపడకండి. తీగ పైపూత గీకి, మెలేసి, టేపు చుట్టి "అయిపోయింది సార్" అంటే ఒప్పుకోవద్దు. మన మే నెల ఎండకి మూసి ఉన్న కారులో టేపు జిగురు కారిపోయి ఊడిపోతుంది. టంకం వేసి వేడికి ముడుచుకునే గొట్టం తొడగమనండి, లేదా గట్టిగా నొక్కే క్లిప్పు వెయ్యమనండి. వెనక తలుపు పైకి లేచే కార్లలో తీగ కీలు దగ్గర మలుపు తిరుగుతుంది. తలుపు తీసిన ప్రతిసారీ అక్కడ వంగి, కొన్నాళ్లకి లోపల తెగుతుంది. అక్కడ కాస్త వదులు ఉంచి, రబ్బరు గొట్టంలోంచి పోనివ్వాలి.

రంగులు, ఆటలు వద్దు. షాపులో మీకు పరుగులు పెట్టే లైట్లు చూపిస్తారు, నీలం తెలుపు కలిపి మిణుకుమనేవి చూపిస్తారు. వెనకవాడికి అది పండగ అలంకారమో బ్రేకో అర్థం కావాలంటే ఒక క్షణం ఆలోచించాలి, ఆ క్షణం కోసమే కదా మన తాపత్రయమంతా. ఎర్రగా, నిలకడగా వెలిగేది, తయారీ ముద్ర ఉన్నది తీసుకోండి. 15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు అధికారి ముందు కూడా ఇబ్బంది ఉండదు. వొయెవోడ్‌స్కీ దీపం మినుకుమంది కదా అని ఎవరైనా అడగొచ్చు. అది బ్రేకు ఎంత గట్టిగా పడిందో కొలిచి మినుకేది. ఇప్పటి కొన్ని కార్లలో కూడా వేగంగా పోతూ ఒక్కసారిగా గట్టిగా బ్రేకు వేస్తేనే లైట్లు మినుకుతాయి. తొక్కిన ప్రతిసారీ మినుకే బజారు సరుకు వేరు.

కార్ల గురించి ఇంత మాట్లాడి ట్రాక్టర్ ట్రక్కుల్ని వదిలేస్తే నాకు మనసొప్పదు. పత్తి బోరాలతో, వరి బస్తాలతో, చెరకుతో రాత్రి రోడ్డెక్కే మన ట్రక్కుల్లో చాలావాటికి వెనక ఒక్క దీపం కూడా ఉండదు. ఎర్రగా మెరిసే రిఫ్లెక్టర్ టేపు కూడా ఉండదు. ఉన్నా దాన్ని బురద కప్పేస్తుంది, లేదా లోడు మీదనుంచి వేలాడే పట్టా కప్పేస్తుంది. రైతు సోదరులు ఎవరైనా వింటుంటే, బయల్దేరే ముందు తడిగుడ్డతో ఆ టేపు ఒక్కసారి తుడవండి. పట్టా అంచు దానిమీదికి రాకుండా పైకి కట్టండి.

మూడో లైటు పెట్టించుకున్నవాళ్లు మరచిపోకూడనిది ఒకటుంది. మూడు దీపాలకీ స్విచ్ ఒకటే, అది బ్రేకు పెడల్ దగ్గర ఉంటుంది. కొన్ని పాత బళ్లలో బ్రేకు ఆయిల్ పైపులో ఉంటుంది. అది పాడైతే మూడూ ఒకేసారి ఆరిపోతాయి, మీకు మాత్రం ఏమీ తెలియదు. ఫ్యూజు పోయినా అంతే. అందుకని సాయంత్రం మసక చీకట్లో కారు ఇంటికి తెచ్చినప్పుడు, వెనకభాగం గోడకి నాలుగడుగుల దూరంలో ఉండేలా ఆపి, బ్రేకు తొక్కి అద్దంలో గోడ వంక చూడండి. కింది రెండు ఎర్ర మరకలు, పైన ఒకటి విడివిడిగా కనిపించాలి. ఒకటి తక్కువైతే బల్బు, మూడూ లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత స్విచ్. తోడు ఎవరూ అక్కర్లేదు, బండి దిగక్కర్లేదు. వారానికోసారి చూసుకుంటే చాలు.